క్యామ్ కంటే ముందు గాలి

"హాట్ క్యామ్ ఏస్తే బండి ఎంత గుంజుతది భాయ్?"

హైదరాబాద్ పాతబస్తీలో బుల్లెట్ పని చేసే ఏ షాపు ముందు కాసేపు నిలబడ్డా ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగే కుర్రాడి దృష్టిలో ఇంజన్ బలమంతా, వాల్వ్‌లను తెరిచి మూసే ఆ ఒక్క క్యామ్‌షాఫ్ట్‌లోనే ఉంది. ఉస్తాద్‌ల జవాబులు మాత్రం రెండు రకాలు. క్యామ్ మారిస్తే సగం పని అయిపోయినట్టేనని ఒకరంటారు. ముందు సిలిండర్ హెడ్ దింపు, క్యామ్ సంగతి తర్వాత చూద్దామని ఇంకొకరంటారు. ఇది గల్లీ వాదమే కాదు. రేసు ఇంజన్లు కట్టే పెద్ద పెద్ద సంస్థలు కూడా వందేళ్లకు పైగా ఇదే తేల్చుకుంటూ వస్తున్నాయి. ఆ చరిత్రనంతా ఒకచోట పెట్టి చూస్తే రెండో ఉస్తాద్ మాటే నిలుస్తుందని నా నమ్మకం.

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయొచ్చు, కార్బ్యురేటర్‌లో జెట్ పెద్దది చేస్తే చాలు. కష్టమంతా గాలిని లోపలికి తేవడంలోనే. పాత 350 బుల్లెట్ సిలిండర్ అసలు కొలత 346 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. 5500 ఆర్‌పీఎం దగ్గర అది నిండుగా పీల్చగలిగితే నిమిషానికి 950 లీటర్ల గాలి వెళ్లాలి. ఇన్‌టేక్ వాల్వ్ 270 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకుంటే, అదే వేగంలో ఒక్కో శ్వాసకు దొరికే సమయం సెకనులో వెయ్యో వంతులు ఎనిమిది మాత్రమే. 8000 దగ్గర అయిదున్నరకు పడిపోతుంది. ఇంత తక్కువ సమయంలో సిలిండర్ నిండాలంటే దారి ఎలా ఉండాలి, తలుపు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి? హై పెర్ఫార్మెన్స్ పని మొత్తం ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. క్యామ్‌షాఫ్ట్ చివరి రెండింటికే జవాబు చెప్పగలదు.

మొదటి ప్రశ్న ఎంత పెద్దదో తెలుసుకోవడానికి పాతబస్తీ దాటి పోనక్కర్లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. ఆయన 1911 ఆగస్టులో ఫలక్‌నుమాలో కన్నుమూశారు, బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అక్కరకొచ్చింది. చూడటానికి వచ్చినవాళ్లు లోపలి సింహాసనం లాంటి సీటునూ పూతనూ చూసి వెళ్లిపోతారు. ఇంజన్ పని తెలిసినవాళ్లు బానెట్ కింద ఏముందో ఆలోచించాలి. ఆరు సిలిండర్లు, 7428 సీసీ, సైడ్ వాల్వ్. అంటే వాల్వ్‌లు పిస్టన్ పైన ఉండవు, సిలిండర్ పక్కన తలకిందులుగా నిలబడి ఉంటాయి. గాలి కింది నుంచి పైకి లేచి, పక్కకు తిరిగి, మళ్లీ కిందికి దిగి సిలిండర్‌లో పడాలి. ఆ తిరుగుళ్ల వల్ల అంత పెద్ద ఇంజన్ ఇచ్చిన శక్తి సుమారు 50 హార్స్‌పవర్. నెమ్మదిగా, నిశ్శబ్దంగా, ఊరేగింపుగా నడవడానికి కట్టిన బండికి అది చాలు. ఆ పనికి అంతకంటే మంచి ఇంజన్ అప్పట్లో లేదనే చెప్పాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1912లో, ఫ్రాన్స్‌లోని దియెప్‌లో జరిగిన గ్రాండ్ ప్రీని జార్జ్ బొయ్యో ప్యూజో ఎల్76 మీద గెలిచాడు. దాని ఇంజన్ 7.6 లీటర్లు. సిల్వర్ ఘోస్ట్‌తో పోలిస్తే సైజులో పెద్ద తేడా ఏమీ లేదు. శక్తి మాత్రం 2200 ఆర్‌పీఎం దగ్గర 148 హార్స్‌పవర్. సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లు, అవి తల మీదే ఏటవాలుగా, వాటిని నేరుగా నొక్కే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు. నేటి రేసు బైకుల్లో ఉన్న అమరిక ఆనాడే వచ్చేసింది. సైజు దాదాపు సమానం, కాలం ఒకటే, శక్తి మూడింతలు. నిజమే, కంప్రెషన్‌లోనూ ఇంజన్ తిరిగే వేగంలోనూ కూడా తేడా ఉంది. అయితే ఆ వేగంతో తిరగడం సాధ్యమైందే గాలి దారి తిన్నగా ఉండబట్టి. సిల్వర్ ఘోస్ట్‌కు ఎంత వాడి క్యామ్ వేసినా 148 రాదు. ఈ వ్యాసం మొత్తానికి ఈ ఒక్క పోలికే ఆధారమన్నా తప్పు లేదు.

ఆ తర్వాత దశాబ్దాల్లో గాలి ప్రవాహాన్ని అంచనాల నుంచి కొలతల్లోకి తెచ్చిన మనిషి ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ వెస్‌లేక్. హెడ్‌ను బల్ల మీద బిగించి, వాల్వ్‌ను కొంచెం కొంచెంగా తెరుస్తూ, ఎంత గాలి పోతోందో కొలిచేవాడు. 1920లలో బెంట్లీలు, తర్వాత జాగ్వార్ ఎక్స్‌కే హెడ్ ఆయన చేతిలో రూపుదిద్దుకున్నాయి. ఇవాళ ఫ్లో బెంచ్ అంటున్నది ఆ బల్లనే. పరీక్షకు సాధారణంగా 28 అంగుళాల నీటి మట్టం ఒత్తిడి వాడతారు. చిన్న షాపుల్లో 10 అంగుళాలతోనూ పని నడుస్తుంది. ఒక హెడ్‌ను ఇంకో హెడ్‌తో పోల్చడానికి అది సరిపోతుంది.

ఇక మన బుల్లెట్ దగ్గరికి వద్దాం. 2010 ప్రాంతం దాకా నడిచిన పాత ఇంజన్‌ను అందరూ కాస్ట్ ఐరన్ అంటారు. ఇనుము బ్యారెల్ వరకే, హెడ్ అల్యూమినియం మిశ్రమమే. బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. ఇన్‌టేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి, విడివిడిగా రెండు క్యామ్‌లు. క్రాంక్ నుంచి పళ్ల చక్రాల వరసతో అవి తిరుగుతాయి. రెండు పుష్‌రాడ్‌లు పైకి వెళ్లి రాకర్‌లను నెడతాయి. ట్యాపెట్ సరిచేయడం చూడటానికే ముచ్చటగా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైచివరకు తెచ్చి, చిన్న మూత విప్పి, పుష్‌రాడ్‌ను రెండు వేళ్ల మధ్య తిప్పి చూస్తారు. గుండ్రంగా తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. అనుభవమున్న ఉస్తాద్‌కు ఫీలర్ గేజ్ అక్కర్లేదు, వేళ్లే చెబుతాయి. ఈ ఒక్క సర్దుబాటు తప్పితే ఎంత ఖరీదైన క్యామ్ వేసినా దండగే. బిగుసుకుపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక సీటు కాలిపోతుంది. వదులైతే వాల్వ్ ఎంత లేవాలో క్యామ్ మీద గీసిన లిఫ్ట్‌లో కొంత వాల్వ్ దాకా చేరదు.

క్యామ్ ఎంపికలో అందరూ మొదట చూసేది డ్యురేషన్. వాల్వ్ ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటుందన్న లెక్క అది. ఇక్కడ ఒక మోసం దాగి ఉంది. కొందరు వాల్వ్ కొద్దిగా కదిలిన దగ్గర్నుంచే లెక్కేసి పెద్ద అంకె చెబుతారు. ఇంకొందరు 1 మిల్లీమీటర్ లిఫ్ట్ నుంచి కొలుస్తారు, అమెరికా వాళ్లు 0.050 అంగుళాల నుంచి. ఒకే క్యామ్‌కు ఈ పద్ధతుల మధ్య నలభై, యాభై డిగ్రీల తేడా రావచ్చు. కాబట్టి "280 క్యామ్", "300 క్యామ్" అన్న పేర్లను నమ్మి డబ్బు కట్టకూడదు. ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో అడగాలి. అమ్మేవాడు చెప్పలేకపోతే ఆ క్యామ్ వద్దు.

డ్యురేషన్ కంటే ముఖ్యమైంది, మన షాపుల్లో దాదాపు ఎవరూ మాట్లాడనిది, ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునే క్షణం. పిస్టన్ కిందికి వెళ్లి తిరిగి పైకి బయల్దేరాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కొంతసేపు తెరిచే ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు పైపులో దూసుకొస్తున్న గాలి తన ఊపుతో ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అది లాభం. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు, వచ్చిన గాలిని పిస్టన్ వెనక్కి నెట్టేస్తుంది. అంటే కంప్రెషన్ మొదలయ్యేది వాల్వ్ మూసుకున్నాకే. పాత 350ల కంప్రెషన్ నిష్పత్తి 6.5 చుట్టుపక్కల. కనెక్టింగ్ రాడ్ పొడవును స్ట్రోక్‌కు రెండింతలుగా తీసుకుని లెక్కేద్దాం. పిస్టన్ అడుగు దాటిన 60 డిగ్రీలకు వాల్వ్ మూసుకుంటే స్ట్రోక్‌లో అయిదో వంతు పోతుంది, నికరంగా మిగిలే నిష్పత్తి 5.4. హాట్ క్యామ్ వేసి దాన్ని 75 డిగ్రీలకు జరిపితే నికరం 4.8కి పడుతుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ వదలగానే బండి నీరసంగా కదలడానికి కారణం ఇదే. క్యామ్ పెద్దదైతే కంప్రెషన్ కూడా పెంచాలని పాత ట్యూనర్లు పట్టుబట్టేది అందుకే. పిస్టన్ మార్చకుండా, హెడ్ ముఖం దింపకుండా ఒక్క క్యామ్ మార్చడం సగం వైద్యం. నా దృష్టిలో అసలు వైద్యమే చేయించకపోవడం అంతకంటే మేలు.

ఓవర్‌ల్యాప్ సంగతి దీనికి తోడు. ఎగ్జాస్ట్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుంటుంది. ఇన్‌టేక్ పైచివరకు 30 డిగ్రీల ముందు తెరుచుకుని, ఎగ్జాస్ట్ 35 డిగ్రీల తర్వాత మూసుకుంటే ఓవర్‌ల్యాప్ 65 డిగ్రీలు. ఆ కొద్దిసేపట్లో సైలెన్సర్ వైపు పోతున్న వేడిగాలి తన వెంట కొత్త గాలిని లాక్కుంటుంది. పైపు పొడవు, ఇంజన్ వేగం సరిగ్గా కుదిరితేనే ఈ సాయం అందుతుంది. కుదరకపోతే కాలిన పొగ వెనక్కి ఇన్‌టేక్‌లోకి వస్తుంది, లేదా కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోతుంది. ఐడిలింగ్‌లో "డుగ్... డుగ్... డుగ్" మంటూ తడబడే శబ్దాన్ని చాలామంది బలానికి గుర్తనుకుంటారు. ఆ వేగం దగ్గర సిలిండర్ కడుపు నిండడం లేదని మాత్రమే ఆ శబ్దం చెబుతోంది.

రెండు క్యామ్‌ల మధ్య కోణం, అంటే లోబ్ సెపరేషన్, ఏ ఇంజన్‌లో ఎంతవరకు మన చేతిలో ఉంటుందో తెలిసి ఉండాలి. పాత బుల్లెట్‌లో రెండు క్యామ్‌లు వేర్వేరు కాబట్టి రెంటినీ విడిగా జరపొచ్చు. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్‌తో వచ్చిన జే సిరీస్ 350లో ఒకే ఓవర్‌హెడ్ క్యామ్‌షాఫ్ట్ ఉంది. అందులో ఆ కోణం గ్రైండింగ్‌లోనే ఖాయమైపోయింది. మొత్తం క్యామ్‌ను ముందుకో వెనక్కో జరపడం తప్ప మరో మార్గం లేదు. ముందుకు జరిపితే కింది వేగాల్లో పికప్, వెనక్కి జరిపితే పైన ఊపు. 2023లో వచ్చిన 452 సీసీ హిమాలయన్‌లో మళ్లీ రెండు క్యామ్‌షాఫ్ట్‌లు. జాగ్రత్త ఏమిటంటే, పళ్ల చక్రంలో ఒక్క పన్ను తప్పినా తేడా చిన్నది కాదు. 36 పళ్ల క్యామ్ చక్రంలో ఒక పన్ను అంటే క్రాంక్ మీద 20 డిగ్రీలు. చక్రాల మీద చుక్కలు, గీతలు కలిశాయని సరిపెట్టుకోకుండా క్రాంక్‌కు డిగ్రీ చక్రం, వాల్వ్ మీద డయల్ గేజ్ పెట్టి చూడటమే సరైన పద్ధతి. పని తెలిసిన షాపును గుర్తుపట్టాలంటే ఈ రెండు వస్తువులు అక్కడ ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పుడు గాలి దారి. ఇక్కడ కూడా రెండు వర్గాలున్నాయి. ఆ దారిని, అంటే పోర్టును, ఎంత పెద్దది చేస్తే అంత మంచిదని ఒక వర్గం, గాలి వేగం తగ్గకూడదని ఇంకొక వర్గం. రెండో వర్గానికి శాస్త్రీయమైన దన్ను అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ చార్లెస్ ఫాయెట్ టేలర్ నుంచి వచ్చింది. వాల్వ్ దగ్గర గాలి సగటు వేగం శబ్ద వేగంలో సగం దాటి 0.6 దగ్గరికి చేరేసరికి సిలిండర్ నిండటం పడిపోతుందని ఆయన పరిశోధన తేల్చింది. అంటే దారి మరీ ఇరుకైతే నష్టం, ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్న ఇంజన్‌కు దారి పెద్దది చేయడం అనవసరం. నిమిషానికి 4000 చుట్లకు మించి తిప్పని బుల్లెట్‌లో పోర్టు తవ్వితే గాలి వేగం చచ్చిపోతుంది, పెట్రోలు తుంపరలు గోడలకు అంటుకుంటాయి, కింది పికప్ పోతుంది. తవ్వినది మళ్లీ పూడ్చలేం. గ్రైండర్ చేతిలో ఉందని హెడ్ మీద ప్రయోగాలు చేసేవాళ్లను ఈ ఒక్క మాటతోనైనా ఆపాలి.

అయితే ఏం చేయాలి? పెద్ద లాభమంతా వాల్వ్‌కు అటూ ఇటూ ఒక అంగుళంలోనే ఉంది. గాలి అక్కడే మలుపు తిరుగుతుంది, అక్కడే చిక్కుపడుతుంది. వాల్వ్ సీటు మామూలుగా 45 డిగ్రీల్లో కోస్తారు. దాని పైన 30, కింద 60 డిగ్రీల కోతలు తోడు చేస్తే గాలి అంచు దగ్గర తెగిపోకుండా జారుతుంది. సీటు వెడల్పు ఇన్‌టేక్‌కు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. పాత ఇంజన్లలో పేస్ట్ పెట్టి మళ్లీ మళ్లీ రుద్దడం వల్ల అది రెండు, మూడు మిల్లీమీటర్లకు వెడల్పై, వాల్వ్ హెడ్‌లోకి మునిగిపోయి ఉంటుంది. పోర్టు అడుగున లోపలి మలుపు ఉంటుంది చూడండి, గాలి బాగా ఇరుకున పడేది అక్కడ. దాన్ని కోసుగా వదలకుండా గుండ్రంగా తిప్పితే చాలు. పోర్టు పైభాగాన్ని ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. ఇన్‌టేక్ పోర్టును అద్దంలా పాలిష్ పట్టడం వల్ల లాభం లేదు. కార్బ్యురేటర్ ఇంజన్‌లో కొంచెం గరుకుగా ఉండటమే పెట్రోలు ఆవిరి కావడానికి మంచిది. ఎగ్జాస్ట్ వైపు నునుపు చేస్తే మసి తక్కువ పడుతుంది.

సీటు పని బాగుందో లేదో తెలుసుకోవడానికి పాతబస్తీ షాపుల్లో ఒక పరీక్ష ఉంది. హెడ్ తలకిందులు చేసి, వాల్వ్‌లు బిగించి, పోర్టులో కిరోసిన్ పోసి పక్కన పెడతారు. ఛాయ్ తాగి వచ్చేసరికి వాల్వ్ అంచున చెమ్మ కనిపిస్తే మళ్లీ సీటింగ్ చేయాల్సిందే. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ పరీక్షను ఏ ట్యూనరూ వదలకూడదు. లీకవుతున్న వాల్వ్ మీద హాట్ క్యామ్ వేయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

వాల్వ్ లిఫ్ట్‌కు ఒక సహజమైన హద్దుంది. వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతు పైకి లేస్తే, చుట్టూ తెరుచుకున్న వైశాల్యం వాల్వ్ వైశాల్యానికి సమానమవుతుంది. 36 మిల్లీమీటర్ల వాల్వ్‌కు అది 9 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పోర్టే అడ్డం. అప్పుడు ఇంకా లిఫ్ట్ పెంచితే గాలికి వచ్చే లాభం తక్కువ, స్ప్రింగ్‌కూ గైడ్‌కూ పడే భారం ఎక్కువ. ఈ చిక్కు నుంచి బయటపడే అందమైన దారి వాల్వ్‌ల సంఖ్య పెంచడం. 1967లో జాండ్‌ఫోర్ట్‌లో జిమ్ క్లార్క్‌తో తొలి రేసులోనే గెలిచిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ ఆ దారిని ఖాయం చేసింది. కీత్ డక్‌వర్త్ నాలుగు వాల్వ్‌లను 32 డిగ్రీల ఇరుకు కోణంలో నిలబెట్టి, మంట గదిని చిన్నదిగా, పలచగా ఉంచాడు. మూడు లీటర్ల ఆ ఇంజన్ 9000 ఆర్‌పీఎం దగ్గర 400 హార్స్‌పవర్ ఇచ్చింది. మన రోడ్ల మీద దీనికి చిన్న సాక్ష్యం మారుతి 800. అదే 796 సీసీ ఇంజన్ సిలిండర్‌కు రెండు వాల్వ్‌లున్నప్పుడు 37 హార్స్‌పవర్, నాలుగు వాల్వ్‌ల హెడ్‌తో 45.

ఒకే క్యామ్‌తో కిందా పైనా రెండూ సాధించలేమన్న బాధకు హోండా 1989లో మందు కనిపెట్టింది. ఆ ఏడాది వచ్చిన ఇంటెగ్రాలోని వీటెక్ ఇంజన్, నగరానికి ఒక క్యామ్ ఆకారాన్నీ పరుగుకు ఇంకో ఆకారాన్నీ ఒకే షాఫ్ట్ మీద మోస్తూ, 1.6 లీటర్లకు 160 హార్స్‌పవర్ ఇచ్చింది. పాతబస్తీ కుర్రాళ్లకు ఇదే సూత్రం యమహా ఆర్15 రూపంలో అందింది. 2018 నుంచి వస్తున్న 155 సీసీ ఇంజన్‌లో 7400 ఆర్‌పీఎం దాకా మెత్తని ఇన్‌టేక్ క్యామ్ పనిచేస్తుంది, ఆ పైన సొలనాయిడ్ పిన్నును నెట్టగానే ఎత్తు క్యామ్ అందుకుంటుంది. ఆర్15కు బయటి క్యామ్ వేయించాలనుకునేవాళ్లు ఈ ఏర్పాటును ఒక్కసారి అర్థం చేసుకుంటే ఆ ఆలోచనే మానుకుంటారు. ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన రెండు క్యామ్‌లు తీసేసి ఒక్కదానితో సరిపెట్టుకోవడం వెనకడుగే.

అదే యమహా పాత ఆర్ఎక్స్100కు అయితే క్యామే లేదు. టూస్ట్రోక్‌లో సిలిండర్ గోడలోని పోర్టుల ఎత్తే టైమింగ్. ఎగ్జాస్ట్ పోర్టును ఒక మిల్లీమీటర్ పైకి గీకితే డ్యురేషన్ పెరిగినట్టే, లక్షణాలూ అవే: కింద నీరసం, పైన అరుపు. ఈ విద్యకు గురువు తూర్పు జర్మనీ ఎంజెడ్ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1950లలో ఉబ్బెత్తు ఎగ్జాస్ట్ పైపులోని శబ్ద తరంగాలతో సిలిండర్‌ను నింపడం నేర్పాడు.

మన ఉత్సాహానికి పగ్గం వేసే అంకె ఒకటుంది, పిస్టన్ సగటు వేగం. పాత 350 బుల్లెట్‌ను 5500 దగ్గర తిప్పితే పిస్టన్ సెకనుకు 16.5 మీటర్లు పరుగెడుతుంది. 8000 దగ్గర కొత్త హిమాలయన్‌లో దాదాపు 22 మీటర్లు. 18,000 ఆర్‌పీఎం తిరిగిన ఫార్ములా వన్ వీ8లో కూడా 24కు మించలేదు. ఆ కార్ల స్ట్రోక్ 40 మిల్లీమీటర్ల లోపే కావడం వల్ల అన్ని చుట్లు సాధ్యమైంది. 90 మిల్లీమీటర్ల స్ట్రోక్, ఇనుప బ్యారెల్, పొడవాటి పుష్‌రాడ్‌లు ఉన్న ఇంజన్‌కు 7000 మీద పనిచేసే క్యామ్ వేస్తే, ఆ క్యామ్ పనికొచ్చే చోటుకు ఇంజన్ క్షేమంగా చేరనే చేరదు. స్ప్రింగ్ వాల్వ్‌ను వెనక్కి లాగలేక వాల్వ్ గాల్లో తేలుతుంది. ఈ బెడద వదిలించుకోవడానికే డుకాటీలో ఫాబియో టగ్లియోని వాల్వ్‌ను మూయడానికీ క్యామ్ పెట్టాడు, రెనో 1986లో ఫార్ములా వన్‌కు గాలి స్ప్రింగులు తెచ్చింది. మనకు అందుబాటులో ఉన్నది మంచి స్ప్రింగూ, నిగ్రహమూ. కొత్త క్యామ్ వేసినవాళ్లు స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుపోవడం లేదని కొలిచి చూడాలి. పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే మైనపు ముద్ద పరిచి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, వాల్వ్ పడిన గుంట దగ్గర మైనం మందం కొలవాలి. ఇన్‌టేక్ వైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే ఆ ఇంజన్ స్టార్ట్ చేయకూడదు.

ఊరి గాలి కూడా లెక్కలోకి రావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో చార్మినార్ దగ్గర గాలి సాంద్రత, సముద్రతీరంలో 15 డిగ్రీల దగ్గర ఉండేదానికంటే 13 శాతం దాకా తక్కువ. ఏ క్యామూ ఆ నష్టాన్ని పూడ్చదు. వేడెక్కిన ఇంజన్ పక్కనే నోరు తెరుచుకుని ఉండే కోన్ ఫిల్టర్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఫిల్టర్ పెట్టెను ఉంచి, దానికి చల్లగాలి వచ్చే దారి చూడటం తేలికైన, చవకైన మెరుగుదల. పాతబస్తీ దుమ్ములో ఫిల్టర్ తీసేసి తిరిగే బండికి రింగులు ఎక్కువ కాలం నిలవవు. పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిస్తే మంటకు కావాల్సిన గాలి నిష్పత్తి 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగుతుంది. కార్బ్యురేటర్ బండికి పాత జెట్‌తో మిశ్రమం పలచబడి, ఎగ్జాస్ట్ వాల్వ్ వేడెక్కుతుంది. పికప్ పోయిందని వచ్చే పాత బండికి క్యామ్ కంటే ముందు జెట్ చూడాలి.

సైలెన్సర్ గురించి గట్టిగానే చెప్పాలి. ఇందోరి, పంజాబ్, గోల్డ్‌స్టార్ పేర్లతో అమ్మే గొట్టాల్లో చాలావాటికి గాలి కొలత అంటూ లేదు, మోత ఒక్కటే కొలత. అవరోధం తీసేస్తే ఓవర్‌ల్యాప్‌కు సాయపడే తరంగం కూడా చెదిరిపోతుంది. ఇరుకు గల్లీల్లో పసిపిల్లలు, వృద్ధులు, ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే రోగులు ఆ మోతను భరించాలి. శక్తి పెరగని మార్పు కోసం ఇంతమందిని బాధపెట్టడం అన్యాయం. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలను యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే ఖరారు చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి హాట్ క్యామ్, ఓపెన్ పైపు ట్రాక్ మీద ఉండాల్సిన వస్తువులు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, ఆ సరదా అక్కడ తీర్చుకోవచ్చు.

అన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. పాతబస్తీలో బండి తన జీవితమంతా రెండు వేల నుంచి నాలుగున్నర వేల ఆర్‌పీఎం మధ్యే గడుపుతుంది. శాలిబండ ట్రాఫిక్‌లో, అఫ్జల్‌గంజ్ సిగ్నల్ దగ్గర పనికొచ్చేది ఆ భాగమే. దానికి కావాల్సింది అరగని ఒరిజినల్ క్యామ్, సరిగ్గా కలిపిన టైమింగ్, మూడు కోణాల్లో కోసిన సీటు, కొత్త గైడ్‌లు, సరైన జెట్, శుభ్రమైన ఫిల్టర్. ఇవన్నీ చేశాక కూడా తృప్తి లేనివాళ్లు, ట్రాక్ మీద నడిపేవాళ్లు, ముందు హెడ్ ఎంత గాలి ఇస్తుందో కొలిపించి, ఏ వేగం దగ్గర శక్తి కావాలో తేల్చుకుని, కంప్రెషన్ పెంచి, అప్పుడు క్యామ్ ఎంచుకోవాలి.

కొలిపించడానికి చోటు లేకపోవడమే ఇప్పుడు అసలు లోటు. ఫార్ములా స్టూడెంట్ పోటీలకు కార్లు కట్టే ఇంజనీరింగ్ విద్యార్థులకు గాలి విలువ బాగా తెలుసు. నియమాల ప్రకారం వాళ్ల పెట్రోలు ఇంజన్ పీల్చే గాలంతా 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే రావాలి. ఆ విద్యార్థుల లెక్క, పాతబస్తీ ఉస్తాద్‌ల చేతిపని ఒకచోట కలిస్తే మనకు గొప్ప ట్యూనర్లు తయారవుతారు. ఫ్లో బెంచ్ కట్టడానికి కావాల్సింది కొన్ని వాక్యూమ్ మోటార్లు, గట్టి ప్లైవుడ్ పెట్టె, కొలత తెలిసిన రంధ్రాల పలకలు, నీళ్లు నింపిన యూ గొట్టాలు. పాతబస్తీలోనే ఉన్న కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి చోట అధ్యాపకులు ఒక విద్యార్థి ప్రాజెక్టుగా దాన్ని కట్టించి, వారానికి ఒక రోజు చుట్టుపక్కల మెకానిక్‌ల కోసం తెరిచి ఉంచాలని కోరుతున్నాను. ఉస్తాద్‌లు కూడా మొహమాటపడకుండా హెడ్‌లు చంకన పెట్టుకుని అక్కడికి వెళ్లాలి.